పువ్వు ఫోటో ఒక్కటే పంపకండి

మా చుట్టాల్లో ఎవరి పెరట్లో పేరు తెలియని మొక్క పూసినా ఆ ఫోటో నా వాట్సాప్‌కి వచ్చి పడుతుంది. నేను వృక్షశాస్త్రం చదువుకున్నదాన్ని కాను. మొక్కల పిచ్చి ఉన్నదాన్ని, అంతే. వచ్చే ఫోటోలన్నీ ఒకే రకంగా ఉంటాయి. తెర నిండా ఒక్క పువ్వు, రేకు మీద నీటిబొట్టు కూడా కనిపించేంత దగ్గరగా. మిగతా మొక్కంతా వెనకాల మసక. నాకు కావలసినదంతా ఆ మసకలోనే ఉంటుంది. ఆకు ఎలా ఉందో తెలీదు, కొమ్మకి ఆకులు ఎలా అమరాయో తెలీదు, కాయ కాసిందో లేదో తెలీదు. "పువ్వు ఇంత బాగా కనిపిస్తుంటే ఇంకేం కావాలే నీకు?" అని మా పెద్దమ్మ ఒకసారి విసుక్కుంది కూడా. ఆవిడకి ఫోన్లో చెప్పలేకపోయిన జవాబే ఇక్కడ రాస్తున్నాను. తెలియని పూల మొక్కని గుర్తుపట్టే పనిలో పువ్వుని అందరికన్నా ముందు నమ్మకూడదు. అన్నీ అడిగాక చివర్లో దాన్ని అడగాలి. ఇంకో మాట కూడా ఉంది. పేరు కోసం అంత తొందర అక్కర్లేదు, ముందు అది ఏ కుటుంబానిదో తెలిస్తే ఇంటి అవసరాలు చాలావరకు తీరిపోతాయి.

మేం రాజమండ్రిలో ఈ పాత ఇల్లు కొన్నప్పుడు పెరడు కూడా దాంతో పాటే వచ్చింది. మాకు ముందున్నవాళ్ళు కడియం వైపు వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక మొక్క తెచ్చి పాతేవారట. కడియం, కడియపులంక చుట్టుపక్కల దారికి రెండు వైపులా నర్సరీలే. అక్కడి నుంచి లారీల మీద దేశమంతా మొక్కలు వెళతాయి. అంత దగ్గర్లో ఉన్నవాళ్ళు ఊరుకుంటారా? ప్రహరీ గోడ వెంట సందు లేకుండా నాటారు. మందారం, నూరువరహాలు, పారిజాతం, గోరింట ఎవరైనా చెప్పగలరు. ఆ మిగతావాటితోనే గొడవ.

పువ్వు మీద నాకెందుకంత అనుమానమో చెప్తాను. మనం పెరట్లో పెంచుకునే పూల మొక్కల్లో చాలావాటిని మనుషులు తరతరాలుగా ఏరి, పెంచి, మార్చేశారు. రేకుమందారంలో అయిదు రేకులు, వాటి మధ్య నుంచి పొడుగ్గా బయటికొచ్చిన గొట్టం, దాని ఒంటినిండా కేసరాలు, కొసన అయిదు చుక్కలు. ఆ గొట్టం చూశామంటే బెండ పువ్వు, పత్తి పువ్వు, గోంగూర పువ్వు వెంటనే గుర్తొస్తాయి. నాలుగూ ఒకే కుటుంబం. ముద్దమందారంలో ఆ కేసరాల్లో చాలామటుకు రేకులైపోయాయి. జడలో పెట్టుకోవడానికి బ్రహ్మాండం, గుర్తుపట్టేవాళ్ళకి మాత్రం చెరిపేసిన వేలిముద్ర. ముద్దగన్నేరు, ముద్ద నందివర్ధనం కూడా ఇదే దారి. పైగా ముద్దపూలు సాధారణంగా కాయలు కాయవు. కాయ చూసి తేల్చుకుందాం అనుకున్నా ఆ అవకాశం కూడా పోతుంది.

ఇక రంగు. దాని మాట అసలు వినకండి. రాధామనోహరం సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, తర్వాత గులాబీ రంగుకి, ఆపైన ఎరుపుకి తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. నర్సరీల్లో 'యెస్టర్‌డే టుడే టుమారో' అని అమ్మే పొద ఊదా రంగులో పూసి రోజుల్లో తెల్లబడుతుంది. పొద్దున తెల్లగా పూసి సాయంత్రానికి ఎర్రబడే మందారం ఒకటుంది. దాని మీద రెండు రంగుల పూలు చూసి "రెండు చెట్లకి అంటు కట్టారు" అని గట్టిగా వాదించినవాళ్ళని నేను చూశాను. కాగితం పూలలో మనం రేకులనుకునేవి రంగు పట్టిన ఆకులు, అసలు పువ్వు వాటి మధ్య ఉన్న సన్నని గొట్టం. ముసాండా పొదలో తెల్లగానో గులాబీగానో మెరిసే పెద్ద రేకు కూడా పూరేకు కాదు, మొగ్గని కాపాడే రక్షకపత్రం పెరిగి అలా అయింది. కంటికి ముందుగా కనిపించే భాగమే ఇన్ని వేషాలు వేస్తుంటే దాన్ని పట్టుకుని ఏం తేలుస్తాం?

ఆకు ఇన్ని వేషాలు వెయ్యదు. నీడలో కాస్త పెద్దదవుతుంది, ఎండలో చిన్నదవుతుంది, అంతకంటే ఏమీ చెయ్యదు. కొమ్మ మీద ఆకులు ఎదురెదురుగా జంటగా ఉన్నాయా, ఒకటి ఇటు ఒకటి అటుగా ఉన్నాయా, మూడు నాలుగు కలిసి ఒకే కణుపు చుట్టూ ఉన్నాయా అన్నది ఆ మొక్క పుట్టుకతో వచ్చిన లక్షణం. ఎన్ని రంగుల పూలు తెప్పించినా అది అంత తేలిగ్గా మారదు.

ఇక్కడ అందరూ తడబడే చోటు ఒకటుంది. ఏది ఒక ఆకు? కరివేపాకు రెమ్మ తీసుకోండి. మనం పోపులో వేసే ఒక్కో 'ఆకు' నిజానికి ఆకులో ముక్క, పత్రకం. రెమ్మ మొత్తం కలిపి ఒక్క ఆకు. అనుమానం ఉంటే మొదట్లో చూడండి. రెమ్మ కొమ్మని అంటుకున్న చోట చిన్న మొగ్గ ఉంటుంది, చిన్న ముక్క రెమ్మని అంటుకున్న చోట ఉండదు. మొగ్గ ఎక్కడుంటే ఆకు అక్కడ మొదలైనట్టు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం పెరడు దానంతట అదే విడివడుతుంది.

పువ్వుని నమ్మి పొరబడడానికి మా గోడ పక్కనే మంచి ఉదాహరణ ఉంది. నడుమెత్తు పొద, నిగనిగలాడే ఆకులు ఎదురెదురుగా జంటలు, తెల్లని ముద్దపూలు, మంచి వాసన. మా అత్తయ్యగారు చూసి నందివర్ధనమన్నారు. పక్కింటి మామ్మగారు గంధరాజమన్నారు. ఇద్దరూ పెద్దవాళ్ళే, ఇద్దరికీ పూల మీద పట్టుంది, ఇద్దరూ పువ్వుని చూసే చెప్పారు. ఇంకో వింత ఏమిటంటే, అమెరికాలో నర్సరీకి వెళ్తే నందివర్ధనాన్ని 'క్రేప్ జాస్మిన్' అంటారు, గంధరాజాన్ని 'కేప్ జాస్మిన్' అంటారు. రెండిట్లో ఏదీ మల్లె కాదు. అంటే ఈ పూలని చూసి తికమక పడేది మనం ఒక్కళ్ళమే కాదన్నమాట.

తేల్చుకోవడానికి అరనిమిషం చాలు. ఒక ఆకు తుంచండి. తుంచిన చోట తెల్లని పాలు ఊరితే నందివర్ధనం. పాలు రాకపోతే కణుపు దగ్గర చూడండి, ఎదురెదురు ఆకుల కాడల మధ్య చిన్న పొరలాంటిది ఉంటుంది. బడి పుస్తకాల్లో వాటిని పత్రపుచ్ఛాలన్నారు. అది ఉంటే గంధరాజం. నూరువరహాల పొదలో కూడా కాడల మధ్య అలాంటిదే కనిపిస్తుంది, ఎందుకంటే రెండూ ఒకే కుటుంబం. అరకు వెళ్ళినప్పుడు కాఫీ తోటలో ఆగితే ఆ మొక్క కణుపు దగ్గర కూడా వంగి చూడండి, అదీ వీటి చుట్టమే. మా పొద ఆకు తుంచితే పాలు రాలేదు. మామ్మగారు గెలిచారు. అత్తయ్యగారు మాత్రం ఇప్పటికీ దాన్ని నందివర్ధనమనే కోసుకొస్తారు, నేనేమీ అనను.

"ఏదైతేనేం, తెల్లపువ్వే కదా, దేవుడి దగ్గర పెట్టుకుంటే సరి" అంటారు. ఇక్కడే నాకు పేచీ. నందివర్ధనానికి నేల ఎలాంటిదైనా పెద్ద పట్టింపు లేదు. గంధరాజానికి పుల్లటి నేల కావాలి, సున్నపు నీళ్ళు పడవు. మా బోరు నీళ్ళు కుళాయి మీద తెల్ల చారలు వదిలే రకం. ఆ నీళ్ళు పోస్తూ ఉంటే గంధరాజం లేత ఆకులు పసుపుపచ్చగా మారతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నేలలో ఇనుము ఉన్నా సున్నం వల్ల మొక్కకి అందదు. నందివర్ధనం అనుకున్నవాళ్ళు ఎరువు తక్కువైందనుకుని గుప్పెళ్ళకొద్దీ యూరియా వేస్తారు, అయినా పచ్చదనం రాదు. నూరువరహాలకి కూడా ఇదే జబ్బు. పేరు తెలియకపోయినా కాఫీ కుటుంబమని తెలిస్తే చాలు, రెండు పొదలకీ వాననీళ్ళు పట్టి పోస్తాం, పాదులో బాగా చివికిన ఆకు ఎరువు వేస్తాం. కుటుంబం తెలుసుకోవడం వల్ల ఇంత లాభం ఉంది. మందారానికి పిండినల్లి పట్టిందంటే నేను ముందు పరిగెత్తేది బెండ మొక్కల దగ్గరికి. పిండినల్లి చాలా మొక్కలకి పడుతుంది గానీ బెండ, పత్తి, మందారం అంటే దానికి మరీ ప్రీతి. ఆ కుటుంబాన్ని పువ్వు లేకుండానే పట్టుకోవచ్చు, ఆకు నలిపి నీళ్ళలో పిండితే జిగట వస్తుంది. మన అమ్మమ్మలు తలకి రుద్దింది అందుకే.

పసుపుపచ్చని గొట్టం పూల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పొరబడితే యూరియాతో పోదు. మన ఇళ్ళల్లో పసుపు రంగులో బాకాలా పూసే పొదలు ముఖ్యంగా మూడున్నాయి. పచ్చగన్నేరు, అల్లమండ, టెకోమా. పువ్వు ఫోటో మాత్రమే ఉంటే, అదీ కాస్త దూరం నుంచి తీస్తే, మూడిటినీ కలిపేయడం చాలా తేలిక. ఆకు దగ్గరికి వస్తే ఏ ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. పచ్చగన్నేరు ఆకు సన్నగా, పొడుగ్గా, ఒంటరిగా, కొమ్మ చుట్టూ మెట్లు ఎక్కినట్టు ఒకటి తర్వాత ఒకటి ఉంటుంది. తుంచితే పాలు. కాయ పచ్చగా, ఉబ్బిన మూలలతో, లోపల గట్టి టెంక. అల్లమండ ఆకులు వెడల్పుగా, మూడు నాలుగు కలిసి ఒకే కణుపు చుట్టూ ఉంటాయి. దానికీ పాలుంటాయి. కాయ ఎప్పుడైనా కాస్తే ఒంటినిండా ముళ్ళు. టెకోమా ఆకు కరివేపాకు రెమ్మ పద్ధతి, ఒక ఈనెకి అటూ ఇటూ ముక్కలు, అంచులు రంపపు పళ్ళలా ఉంటాయి. రెమ్మలు ఎదురెదురుగా వస్తాయి, పాలు రావు. కాయ సన్నగా వేలాడే పొడుగాటి గొట్టం, ఎండి పగిలితే రెక్కలున్న గింజలు గాలికి ఎగిరిపోతాయి.

టెకోమా పెద్దగా అపకారం చెయ్యదు. పచ్చగన్నేరు గింజ మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. గన్నేరు, పచ్చగన్నేరు రెండిట్లోనూ గుండె కొట్టుకునే తీరుని చెడగొట్టే పదార్థాలుంటాయి, ఆకు, బెరడు, పువ్వు, గింజ అన్నిట్లోనూ. 2024లో కేరళలో ఒక యువతి గన్నేరు ఆకు నమలడం వల్ల చనిపోయిందన్న వార్తలు వచ్చాక, ఆ మే నెలలో తిరువితాంకూర్ దేవస్వం బోర్డు ప్రసాదంలో, నైవేద్యంలో గన్నేరు పూలు వాడొద్దని చెప్పింది. అక్కడ దాన్ని అరళి అంటారు. పూజకి పువ్వు పెట్టడం వేరు, ఆ పువ్వు తగిలిన ప్రసాదం నోట్లో వేసుకోవడం వేరు కదా. మన ఇళ్ళల్లో శివుడికి గన్నేరు పెట్టి, అదే పళ్ళెంలోని కొబ్బరిముక్క పిల్లల చేతిలో పెట్టడం మామూలే. మా ఇంట్లో ఆ పళ్ళాలు వేరు చేశాం. చెట్టుని మాత్రం కొట్టించలేదు. అమెరికాలో ఉన్నవాళ్ళూ ఇది వినాలి. కాలిఫోర్నియా హైవేల మధ్యలో వరసలుగా నాటింది ఈ గన్నేరే. పిక్నిక్‌కి వెళ్ళి ఊరి పువ్వు కనిపించిందని కోసేముందు ఒక్కసారి ఆగండి.

ఇక్కడ మన పెద్దవాళ్ళు ఒక పని బాగా చేశారని ఒప్పుకోవాలి. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు. వృక్షశాస్త్రం లెక్కలో ఇవి నాలుగు వేర్వేరు ప్రజాతులు. ఆశ్చర్యం ఏమిటంటే నాలుగూ ఒకే కుటుంబం. మైక్రోస్కోపు లేకుండా, పుస్తకం లేకుండా, మెలితిరిగిన మొగ్గనో ఇంకో పోలికనో చూసి ఒకే ఇంటిపేరు పెట్టారు. ఆ ఇంటిపేరు ఉన్నదేదీ తెలియకుండా నోట్లో పెట్టకూడదని పిల్లలకి చెప్తే సరిపోతుంది.

కొందరు ఇంకో సులువు సూత్రం చెప్తారు, పాలు కారితే విషం, కారకపోతే మంచిది అని. దీన్ని నేను ఒప్పుకోను. సపోటా కొమ్మ విరిస్తే పాలే, బొప్పాయి కాయ గీరితే పాలే, పనస కోస్తే చేతులకి నూనె రాసుకోవాలి. ఇవన్నీ తింటున్నాం. అటు వైపు చూస్తే ఎర్రగన్నేరు ఆకు తుంచినప్పుడు పచ్చగన్నేరులా తెల్లని పాలు ధారగా రావు, ఏదో జిగురు నీళ్ళలా ఉంటుంది. పాల సూత్రం నమ్ముకున్నవాడు దాన్ని మంచిమొక్కల్లో జమ కట్టేస్తాడు. పాలు కుటుంబాన్ని పట్టుకోవడానికి పనికొచ్చే గుర్తు, అంతవరకే. అన్నట్టు ఆకులు తుంచి చూసే అలవాటు చేసుకుంటే చేతులు కడుక్కునే అలవాటు కూడా చేసుకోవాలి. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది.

ఇంత కష్టం ఎందుకు, ఫోన్ ఉంది కదా అని మా అబ్బాయి అంటాడు. ఫోన్ యాప్‌లని నేను తిట్టను, నేనూ వాడతాను. ఫ్రాన్స్‌లోని పరిశోధనా సంస్థలు కలిసి తయారు చేసిన ప్లాంట్‌నెట్ అయితే ఫోటో పెట్టినప్పుడు ఇది ఆకా, పువ్వా, కాయా, బెరడా అని అడుగుతుంది. అంటే దాన్ని కట్టినవాళ్ళకి కూడా పువ్వు ఒక్కటే చాలదని తెలుసు. తొందరపడేది మనమే. ఫోన్ చేసేది మన ఫోటోని తన దగ్గరున్న ఫోటోలతో పోల్చడం. ఆకు తుంచదు, వాసన చూడదు, కాండం వేళ్ళ మధ్య తిప్పి నలుపలకలుగా ఉందో గుండ్రంగా ఉందో చూడదు. ముద్దపూల ముందు, పువ్వులేని పొద ముందు, నెలనెలా కత్తెర వేసి గోడలా పెంచిన కంచె ముందు అది తడబడడంలో వింత లేదు. నా అభ్యంతరం వేరే. ఎంత తడబడినా అది ఏదో ఒక పేరు పైన పెట్టి చూపిస్తుంది, మనం ఆ మొదటి పేరు చదివి ఫోన్ మూసేస్తాం. కింద ఇంకో నాలుగు పేర్లున్నాయని ఎవరూ చూడరు. నేను దాన్ని వాడే పద్ధతి తలకిందులుగా ఉంటుంది. ముందు ఆకు, పాలు, కణుపు చూసుకుని కుటుంబం అనుకుంటాను, తర్వాత యాప్ చూపించిన పేర్లలో ఆ కుటుంబంలో లేనివి కొట్టేస్తాను. తరచూ ఒకటో రెండో మిగులుతాయి.

పెద్దవాళ్ళని అడిగితే చాలదా అంటే, అడగాలి, తప్పకుండా అడగాలి. కానీ వాళ్ళు చెప్పే పేరు ఆ ఊరి పేరు. మనకి పారిజాతం అంటే నారింజ కాడతో, తెల్లవారేసరికి నేలంతా రాలే చిన్న పువ్వు. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ జిల్లా కింతూర్ వెళ్ళి పారిజాతం చూపించమంటే ఆఫ్రికా నుంచి వచ్చిన జాతికి చెందిన ఒక మహా లావు చెట్టు, బావోబాబ్, చూపిస్తారు. వాళ్ళది తప్పని ఎవరంటారు? మన పారిజాతాన్ని మాత్రం పువ్వు లేని వేసవిలో కూడా కళ్ళు మూసుకుని పట్టుకోవచ్చు. ఆకు గరుకు కాగితంలా ఉంటుంది, లేత కొమ్మ నలుపలకలుగా ఉంటుంది. దాని దగ్గరి చుట్టం మల్లె. నేను దీన్ని ఎవరికి చెప్పినా ముందు నమ్మరు.

ఆ మాటకొస్తే పేరుతో పాటు గుర్తులు కూడా రాసిపెట్టే పని మా ప్రాంతంలో ఎప్పుడో జరిగింది. 1781 నుంచి 1793లో కలకత్తా వెళ్ళేదాకా సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బరో అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ఈ తీరంలోని మొక్కలని మన దేశపు చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మల్లో పువ్వు ఒక్కటే లేదు. ఆకు, కొమ్మ, కోసిన పువ్వు లోపలి భాగాలు, కాయ, గింజ పక్కపక్కన ఉంటాయి. ఇక్కడివాళ్ళు చెప్పిన తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఆయన కంపెనీకి లాభం వచ్చే మొక్కల కోసం వెతికాడన్నది నిజమే, ఆ పేర్లు చెప్పిన మనుషుల పేర్లు మనకి మిగల్లేదన్నదీ నిజమే. అయినా ఒక మొక్కని ఎలా చూడాలి అన్నదానికి ఆ బొమ్మలకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. మా ఇంటికి అటూ ఇటూగా 50 కిలోమీటర్ల దూరంలో ఆ పని జరిగింది. ఇప్పుడు చేతిలో కెమెరా ఉన్న మనం ఒక్క పువ్వుతో సరిపెట్టుకుంటున్నాం.

మనుషులని పక్కన పెడితే, కుటుంబాలు గుర్తుపట్టడంలో మనకన్నా దిట్టలు పురుగులు. నందివర్ధనం ఆకులు రాత్రికి రాత్రి మాయమైతే కొమ్మ కింద చూడండి. వేలంత పచ్చని గొంగళిపురుగు, తల దగ్గర రెండు నీలం కళ్ళలాంటి మచ్చలతో ఉంటుంది. అది గన్నేరు మీద బతికే ఒక పెద్ద చిమ్మట పిల్ల. గన్నేరు తింటుంది, నందివర్ధనం తింటుంది, బిళ్ళగన్నేరు తింటుంది. పూలు ఒకదానికొకటి పోలిక లేకపోయినా దానికి పట్టింపు లేదు. అలాగే నిమ్మ మీద, కరివేపాకు మీద పక్షి రెట్టలా కనిపించే చిన్న పురుగులు పెద్దయ్యాక సీతాకోకచిలుకలవుతాయి. నిమ్మ, కరివేపాకు ఒకే కుటుంబమని వాటికి ఎవరూ చెప్పలేదు. మనం తెలుసుకోవాలంటే ఆకుని ఎండకి ఎదురుగా పట్టి చూడాలి. ఆకునిండా సూదితో పొడిచినట్టు సన్నని చుక్కలు వెలుగుతాయి, అవి నూనె తిత్తులు. నర్సరీల్లో కామిని పేరుతో అమ్మే పొద, తెల్లని పూలు, ఘాటైన వాసన, ఎర్రని చిన్న పళ్ళు, దాని ఆకులోనూ అవే చుక్కలు. చాలామంది దాన్ని మల్లె జాతి అనుకుంటారు. రెమ్మ పట్టుకుని చూస్తే కరివేపాకు అక్క అని ఇట్టే తెలిసిపోతుంది.

తంగేడు గురించి ఒక్క మాట. బతుకమ్మ రోజుల్లో హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లి పంపే ఫోటోల్లో పసుపుగా పూసిన ప్రతి పొదా తంగేడే. ఆ జాతిలో పసుపు పూల పొదలు చాలా ఉన్నాయి, పార్కుల్లో, రోడ్ల పక్కన నాటినవి. అసలు తంగేడైతే ఆకు మొదట్లో కొమ్మకి ఇరువైపులా చెవుల్లాంటి పెద్ద పత్రపుచ్ఛాలు ఉంటాయి, రాలిపోకుండా అలాగే నిలిచి ఉంటాయి. తెలంగాణ రాష్ట్ర పుష్పానికి ఆ మాత్రం గుర్తు పెట్టుకోవడం కష్టమేమీ కాదు.

ఇన్ని చెప్పాక కూడా మా గోడ దగ్గర ఒక పొద మిగిలింది. ఆకులు ఎదురెదురు, పాలు లేవు, చుక్కలు లేవు, కణుపు మధ్య పొర లేదు, కాండం నలుపలకలు. ఊదా రంగు చిన్న పూలు కొన్నాళ్ళు పూసి ఆగిపోయాయి. డురాంటా కావచ్చు. దాని పళ్ళు పసుపు రంగులో గుత్తులుగా వేలాడతాయి, చూడ్డానికి ముద్దొస్తాయి గానీ పిల్లలకి మంచివి కావు. మా పొదని ఇదివరకటివాళ్ళు కంచెలా కత్తిరించి పెంచినట్టున్నారు, అలా నెలనెలా కత్తెర పడితే డురాంటా సరిగ్గా పూయదు, కాయదు. అందుకని ఒక వైపు కొమ్మలు వదిలేశాను. పండు వస్తే తేలిపోతుంది. అంతవరకు ఎవరడిగినా "డురాంటా కావచ్చు" అంటాను. ఆ 'కావచ్చు'ని తీసేయమని మా అబ్బాయి పోరు. తియ్యను. మొక్క పేరు చెప్పేటప్పుడు ఖాయంగా చెప్పడం గొప్పని, అనుమానం చెప్పడం చిన్నతనమని మనకి ఎవరు నేర్పారో గానీ, ఆ ధైర్యంతోనే కొందరు పెరటి ఆకులు తెంపి కషాయం కాచుకుని తాగుతున్నారు.

నర్సరీవాళ్ళని కూడా ఒక మాట అడగాలని ఉంది. కుండీ మీద చీటీ రాస్తే 'థాయ్ వెరైటీ', 'హైబ్రిడ్', 'ఎల్లో' అని రాస్తారు. ఇందులో ఏ ముక్కా మొక్క గురించి కాదు. నేను అడిగితే ఒకాయన నవ్వి, "పేరు రాస్తే ఎవరు కొంటారండీ, అందరూ రంగు చూసి కొంటారు" అన్నారు. సరే, పేరు వద్దు, కుటుంబమూ వద్దు. విషం ఉన్న మొక్క కుండీ మీద ఒక రంగు గుర్తు పెట్టండి చాలు. పురుగుమందు డబ్బా మీద విషం తీవ్రత చెప్పే రంగు త్రికోణం ఉండాలని మన దేశంలో నియమం ఉంది, ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. గోదావరి జిల్లాల్లో వరి పండించే ఏ రైతుకీ ఆ గుర్తు అర్థం చెప్పక్కర్లేదు. గన్నేరు, పచ్చగన్నేరు, అల్లమండ, రేరాణి, డురాంటా, వేలాడే ఉమ్మెత్త, వీటి కుండీలకి ఎర్ర చుక్క పెట్టడానికి ఒక పెయింటు డబ్బా, ఒక పూట పని పడుతుంది. కడియంలో ఏ నర్సరీ ముందు మొదలుపెడితే వచ్చే వానాకాలం నా కొనుగోళ్ళన్నీ అక్కడే.